ట్యాంకు లేని మాక్ 1: డిక్కీ నేలకి పడిన కన్నం పూడ్చిన కేసు

బండి: 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1. ఇంజిన్: 351 విండ్సర్ (351 ఘనపు అంగుళాల వీ8), రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్, వీఐఎన్‌లో (బండి గుర్తింపు సంఖ్యలో) హెచ్ కోడ్. ఫిర్యాదు: పెట్రోలు ట్యాంకు లేదు.

ఫిర్యాదు ఒక్క ముక్కలో తేలిపోయింది. పని మాత్రం అలా తేలేది కాదు. ట్యాంకు చిల్లుపడిన బండికీ, ట్యాంకే లేని బండికీ చాలా తేడా ఉంది. చిల్లుపడిన ట్యాంకును విప్పితే స్క్రూలు ఎన్నో, హోస్ ఎంత లావో, వైరు ఏ రంగో, పైపు ఎటు వంగిందో అన్నీ చేతికి దొరుకుతాయి. ట్యాంకు మాయమైన బండిలో అదంతా ట్యాంకుతోపాటే పోతుంది. కొత్త ట్యాంకు ఒక్కటి తెప్పించి పెట్టేద్దాం అనుకున్నవాళ్లు ఆ తర్వాత పదిసార్లు పార్ట్స్ ఆర్డరు పెడతారు.

బండి వచ్చిన స్థితి

డిక్కీ తెరిస్తే నేల మధ్యలో అల్యూమినియం రేకు, దాని చుట్టూ రివెట్లు. రేకు మీద నాలుగు పెద్ద బోల్టు రంధ్రాలు. డ్రాగ్ రేసులకి తిప్పిన రోజుల్లో అసలు ట్యాంకు తీసేసి అక్కడ ఫ్యూయల్ సెల్ (రేసు బండ్లకి వేసే పెట్రోలు డబ్బా) బిగించారని ఆ రంధ్రాలే చెప్తాయి. ఆ సెల్‌నీ తర్వాత విడిగా అమ్ముకున్నారు. మిగిలినవి ఇవి: వెనక యాక్సిల్ దగ్గర ఒక ఎలక్ట్రిక్ పంపు, దానికి అరంగుళం అల్లిక హోస్ ముక్క, ఎవరో కత్తిరించి టేపు చుట్టిన ఒక వైరు, వెనక లైట్ల ప్యానెల్లో మూత మాత్రం ఉండి వెనక పైపు లేని నోరు. చూడ్డానికి బండి పూర్తిగానే ఉంది. మూత తిప్పితే చెయ్యి నేరుగా డిక్కీలోకి వెళ్తుంది.

పాత యజమాని ఐదు లీటర్ల డబ్బాను ఇంజిన్ పక్కన పెట్టి, హోస్‌తో స్టార్ట్ చేసి చూపించాడు. దీన్ని మోసం అనక్కర్లేదు, నిజానికి మంచి పరీక్షే. ఇంజిన్, కార్బ్యురేటర్, మెకానికల్ పంపు పనిచేస్తున్నాయని దాంతో తెలిసింది. కానీ పంపుకి వెనక ఉన్న పన్నెండు అడుగుల గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు.

ఈ బండిలో ట్యాంకు ఎక్కడుంటుంది

1964 మధ్యలో మొదలైన మస్టాంగ్ నుంచి 1970 మోడల్ దాకా ట్యాంకును పై నుంచి దించుతారు. డిక్కీ నేలలో పెద్ద దీర్ఘచతురస్రపు కన్నం ఉంటుంది. ట్యాంకును అందులోకి దించితే దాని చుట్టూ ఉన్న అంచు నేల మీద ఆనుతుంది, స్క్రూలు పైనుంచి పడతాయి. అంటే ట్యాంకు పై మూతే డిక్కీ నేల. సామాను పెట్టేది ట్యాంకు మీదే. 1971 మోడల్లో ఫోర్డ్ ఈ పద్ధతి వదిలేసి, ట్యాంకును నేల కింద పట్టీలతో వేలాడదీసింది. ఆ కాలపు ఇతర అమెరికన్ కార్లు షెవెల్, కమారో, ఛార్జర్ లాంటివి ముందునుంచీ పట్టీల బండ్లే. వాటిలో ట్యాంకు పోతే పట్టీలు, పట్టీ బోల్టులు కూడా వెతుక్కోవాలి, నేల మాత్రం చెక్కుచెదరదు. మస్టాంగ్‌లో పట్టీల గొడవ లేదు. ఉన్న గొడవంతా నేలతోనే.

అందుకే ఇక్కడ మొదటి పని ట్యాంకు కొనడం కాదు, నేల చూడడం. 1969 ట్యాంకు 20 అమెరికన్ గ్యాలన్లు, దాదాపు 76 లీటర్లు. నిండుగా ఉంటే పెట్రోలు బరువే 55 కిలోల పైమాట. ఆ బరువు మొత్తం ఆ అంచు మీద, దాని కింద రేకు మీద పడుతుంది. ఈ బండ్లలో నీరు చేరేది కూడా సరిగ్గా అక్కడే. డిక్కీ రబ్బరు కారినా, వెనక అద్దం పగుళ్లలోంచి నీళ్లు దిగినా వచ్చి ఆగేది ట్యాంకు అంచు దగ్గరే.

నేల పని

రివెట్లు డ్రిల్లుతో తీసి అల్యూమినియం రేకు ఎత్తితే అసలు సంగతి కనబడింది. రెండు రేకులు ఒకదాన్నొకటి తాకుతూ మధ్యలో తడి చేరి నిలిస్తే తుప్పు ఆగదు. కన్నం వెనక అంచు పొడవునా రేకు కాగితంలా పలచబడింది. స్క్రూ పడాల్సిన రంధ్రాల్లో మూడు తినేసి గుండ్రం పోయాయి. ఫ్యూయల్ సెల్ పట్టీల కోసం నేలకి అదనంగా నాలుగు రంధ్రాలు కూడా చేశారు.

ఈ నేలకి ఎడమ, కుడి సగాలు విడిగా కొత్త రేకుగా దొరుకుతాయి. మొత్తం మార్చాలా, అతుకు వేయాలా అన్నది సుత్తి చెప్తుంది. బాల్ పీన్ సుత్తితో అంచు చుట్టూ తడుతూ వస్తే గట్టి రేకు మోగుతుంది, చచ్చిన రేకు చప్పగా పలుకుతుంది. ఈ కేసులో చచ్చింది వెనక అంచు ఒక్కటే. దాన్ని కోసేసి 18 గేజీ ఉక్కు పట్టీ వేసి అంచుకి అంచు కలిపి వెల్డింగు చేశాం. సెల్ రంధ్రాలకి రేకు బిళ్లలు అతికాం. ఒకదాని మీద ఒకటి ఎక్కించి వెల్డింగు చేస్తే పని తేలికే, కానీ రెండు రేకుల మధ్య మళ్లీ తడి చేరుతుంది, పైగా ట్యాంకు అంచు సమంగా కూర్చోదు. అంచు ఒక్క మూల రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నా స్క్రూ బిగించినప్పుడు ట్యాంకు అంచే వంగుతుంది.

గుండ్రం పోయిన స్క్రూ రంధ్రాలకి లావు స్క్రూ ఎక్కించే అలవాటు మానాలి. రేకుకి మరలు నిలవవు, ఏడాదికి మళ్లీ వదులవుతాయి. రంధ్రం చుట్టూ బాగు చేసి, రేకు అంచుకి తొడిగే క్లిప్ నట్టు వేస్తే సరైన కొలత స్క్రూనే పడుతుంది.

వెల్డింగు, గ్రైండింగు అంతా ఈ దశలోనే, చుక్క పెట్రోలు కూడా బండిలో లేనప్పుడే ముగించాలి. ఖాళీగా ఉన్న పాత ట్యాంకు దగ్గర కూడా నిప్పు పనికిరాదు. పెట్రోలు పోసేసినా ఆవిరి లోపల ఉంటుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే పేలుడుకి దగ్గర. వెల్డింగు అయ్యాక ప్రైమరు, అతుకులకి సీమ్ సీలరు, రంగు వేసి రెండు రోజులు ఆరబెట్టాలి. స్క్రూలు పడే రంధ్రాల్లో రెండింటి చుట్టూ మాత్రం రంగు వేయకుండా టేపు అంటించి ఉంచాం. ఎందుకో పెట్రోలు గేజీ ముల్లు దగ్గర తెలుస్తుంది.

ఏవి తెప్పించాలి

ట్యాంకు విషయంలో రెండు దారులున్నాయి. 1969ది 20 గ్యాలన్లది, 1970ది 22 గ్యాలన్లది, అది కొంచెం లోతు. రెండేళ్ల నేల ఒకే తరహా కాబట్టి పెద్దదాన్ని 1969లో వేసుకునేవాళ్లున్నారు. ఈ బండికి రెండు సైలెన్సర్ పైపులు ట్యాంకు పక్కగా వెళ్తున్నాయి. లోతు పెరిగితే కింద సందు తగ్గుతుంది. రెండు గ్యాలన్ల కోసం ఆ తలనొప్పి అక్కర్లేదని 20 గ్యాలన్లదే తీసుకున్నాం.

1970 ట్యాంకు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆవిరిని బయటికి వదలకుండా బొగ్గు డబ్బాలో పట్టే పద్ధతి 1970లో కాలిఫోర్నియా బండ్లకి, 1971లో అమెరికా అంతటికీ వచ్చింది. ఆ రకం ట్యాంకుకి పైన ఆవిరి గొట్టం కోసం అదనపు నోరు ఉంటుంది, మూత గాలి ఆడనిది. దాన్ని తెచ్చి 1969లో పెట్టి, ఆ నోటికి బిరడా కొట్టి, మూత కూడా గాలి ఆడనిది పెడితే ట్యాంకుకి ఊపిరి ఆడదు.

అసలు ట్యాంకులు సీసం, తగరం కలిపిన పూత వేసిన ఉక్కువి. ఇప్పుడు దొరికే కొత్తవి జింకు పూతవో, నికెల్ కలిపిన పూతవో, స్టెయిన్‌లెస్‌వో. రోజూ తిరగని బండికి, ఇథనాల్ 10 శాతం కలిసిన పెట్రోలుకి స్టెయిన్‌లెస్ మంచిదే, కానీ డబ్బు ఆదా చేయాల్సిన చోటుంటే అది ఇక్కడే. పూత ఉన్న ఉక్కు ట్యాంకు లోపలి తుప్పుకి ప్రధాన శత్రువు నీరు. శీతాకాలమంతా సగం ఖాళీగా వదిలేయకపోతే అది చాలా ఏళ్లు వస్తుంది. కొత్త ట్యాంకు లోపల మళ్లీ లైనర్ (లోపలి గోడలకి పట్టే పూత) పోయించే పని పెట్టుకోవద్దు. సరిగ్గా పట్టని లైనరు పొరలుగా ఊడి, ట్యాంకులోంచి పెట్రోలు పీల్చే గొట్టం కొసనున్న జల్లెడకి చుట్టుకుంటుంది. అప్పుడు ట్యాంకు మళ్లీ పారేయడమే.

ట్యాంకుతోపాటు ఒకేసారి తెప్పించాల్సినవి: జల్లెడ ఉన్న సెండర్ (మట్టాన్ని గేజీకి చెప్పేది, పెట్రోలు పీల్చే గొట్టం కూడా దీనికే ఉంటుంది), దాని రబ్బరు గ్యాస్కెట్, లాక్ రింగ్, 1969 ఫిల్లర్ పైపు (పెట్రోలు పోసే గొట్టం), అది లైట్ల ప్యానెల్‌కి ఆనే చోట గ్యాస్కెట్, స్క్రూలు, ఫిల్లర్ పైపును ట్యాంకుకి కలిపే లావు హోస్, దానికి రెండు క్లాంపులు, గాలి ఆడే మూత, ట్యాంకు అంచు కింద పరిచే బ్యుటైల్ (జిగురు రబ్బరు) పట్టీ, అంచు స్క్రూలు, క్లిప్ నట్లు, సన్న ఫ్యూయల్ హోస్ రెండు అడుగులు, క్లాంపులు నాలుగు, ఫ్యూయల్ ఫిల్టర్లు రెండు. 1968 వరకూ వచ్చిన ఫిల్లర్ పైపు దీనికి సరిపోదు. బొమ్మలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి ఏడాది చూసి మరీ ఆర్డరు చేయాలి.

సెండర్ గొట్టం రెండు కొలతల్లో వస్తుంది: చిన్న ఇంజిన్లకి 5/16 అంగుళం, 390, 428 లాంటి పెద్ద ఇంజిన్లకి 3/8. కేటలాగ్ చూసి కాదు, బండి కింద ఉన్న ఉక్కు పైపుని కొలిచి తీసుకోవాలి. యాభై ఏళ్లలో ఎవరు ఏ ఇంజిన్ ఎక్కించారో, ఏ పైపు వేశారో ఎవరికి తెలుసు? ఈ బండి కింద ఉన్నది 3/8 పైపు, రేసుల కాలంలో వేసింది. సెండర్ కూడా 3/8దే తీసుకున్నాం. 5/16 గొట్టానికి 3/8 హోస్ తొడిగి క్లాంపుతో నలిపి బిగించడం చాలాచోట్ల కనిపిస్తుంది. అలా చేస్తే కారక ముందు గాలి పీల్చడం మొదలవుతుంది. గాలి పీల్చే చోట తడి కనపడదు, అందుకే ఆ తప్పు దొరకడానికి వారం పడుతుంది.

హోస్ మీద అచ్చు చదవాలి. కార్బ్యురేటర్ బండికి ఎస్ఏఈ 30ఆర్7 అనే హోస్ ప్రమాణం చాలు. ఇథనాల్ పెట్రోలుకి 30ఆర్9 ఇంకా మేలు. వ్యాసం కలిసింది కదా అని ఫిల్లర్ దగ్గర రేడియేటర్ హోస్ తొడిగితే ఆ రబ్బరు పెట్రోలుకి ఉబ్బి జిగురవుతుంది.

పైపులు, పంపు

యాక్సిల్ దగ్గర ఎలక్ట్రిక్ పంపును మొదట తీసేశాం. అది తిరగకుండా దారిలో కూర్చుంటే ముందున్న మెకానికల్ పంపు దాని గుండానే పీల్చుకోవాలి. తక్కువ వేగంలో బండి బాగానే ఉంటుంది, హైవే ఎక్కాక ఆకలితో చస్తుంది. పైగా దాని వైరుకి ప్రమాదంలో కరెంటు ఆపే స్విచ్చు ఏదీ లేదు. ఇంజిన్ ఆగినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పెట్రోలు తోస్తూనే ఉంటుంది. వీధిలో తిరిగే బండిలో అలాంటి పంపు ఉండకూడదు.

ఉక్కు పైపును రెండు కొసలా విప్పి, పంపు వైపు నుంచి వెనక్కి తక్కువ ఒత్తిడి గాలి ఊదితే గోధుమ రంగు జిగురు వచ్చింది. ఏళ్ల తరబడి ఎండిన పెట్రోలు అలాగే మారుతుంది, కుళ్లిన వార్నిష్ వాసన. అసిటోన్‌తో నానబెట్టి కడిగితే కొంత పోతుంది, కానీ వంపుల్లో ఉన్నది పోయిందో లేదో చూసే దారి లేదు. కొత్త పైపు వంపులతో సహా తయారుగా దొరుకుతుంటే పాతదాన్ని నమ్మడం దండగ. ఉక్కుదే వేశాం. రాగి పైపు వద్దు. వంచడానికి సుఖమే, కానీ బండి అదురుకి కాలక్రమంలో బిరుసెక్కి పగులుతుంది.

మెకానికల్ పంపులో రబ్బరు పొర పగిలితే పెట్రోలు బయటికి కారడమే కాదు, ఇంజిన్ ఆయిల్లోకి కూడా దిగుతుంది. మొదటి స్టార్టు తర్వాత డిప్ స్టిక్ తీసి వాసన చూడడం ఒక్క నిమిషం పని. ఈ బండి పంపు బాగానే ఉంది: కార్బ్యురేటర్ దగ్గర ఒత్తిడి 4, 6 పీఎస్ఐల (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య ఉంది, ఐడిల్ వేగంలో 30 సెకన్లకి ఒక పింట్, అంటే 470 మిల్లీలీటర్లు దాటి పోసింది.

బల్ల మీద పని

కొత్త ట్యాంకు కొత్తదే గానీ శుభ్రమైనది కాదు. లోపల అచ్చు వేసేటప్పటి నూనె, రేకు రజను ఉంటాయి. రెండు లీటర్ల పెట్రోలు పోసి అటూ ఇటూ ఊపి గుడ్డ మీదుగా వంచితే గుడ్డ మీద మెరుపులు కనిపిస్తాయి. మెరుపులు ఆగేదాకా చేయాలి. ఇది ఆరుబయట చేసే పని.

తర్వాత సెండర్. ఫోర్డ్ లెక్కలో ట్యాంకు ఖాళీ అయితే 73 ఓంలు, నిండితే 10 ఓంలు. జీఎం బండ్లది తిరగేసిన లెక్క: ఖాళీకి 0, నిండుకి 90. పొరపాటున జీఎం సెండర్ తగిలిస్తే ముల్లు అబద్ధాలు చెప్తుంది. మల్టీమీటరు పెట్టి తేలుబంతిని పైకీ కిందికీ మెల్లగా ఆడిస్తే అంకె నునుపుగా జారాలి, మధ్యలో ఎక్కడా ఎగరకూడదు. కొత్త సెండర్లలో చాలావాటికి పై కొస కలవదు. ఈ కేసులో పూర్తిగా ఎత్తితే 19 ఓంలు చూపింది. అలాగే పెట్టేస్తే నిండు ట్యాంకుకి ముల్లు సగం కంటే కొంచెం పైన ఆగేది. బంతి చేతిని కొద్దిగా వంచి సరిచేశాం. వంచాక బంతి ట్యాంకు గోడకి తగలకుండా ఆడుతోందో లేదో సెండర్‌ను ట్యాంకులో పెట్టి, వంచి, విని చూడాలి.

సెండర్ స్థానం ఈ ట్యాంకులో ప్రత్యేకం. పైన కాదు, ముందు గోడకి ఉంటుంది. బండి కిందకి దూరితే చేతికందుతుంది, అది సుఖం. కానీ ట్యాంకులో పెట్రోలు కాస్త ఎక్కువైతే గ్యాస్కెట్ మట్టానికి కింద పడుతుంది, అది చిక్కు. కాబట్టి గ్యాస్కెట్ పొడిగా, మురికి లేకుండా కూర్చోవాలి. కొంచెం గ్రీజు రాసి, గాడిలో నలగకుండా పెట్టి, లాక్ రింగ్‌ను ఇత్తడి పంచితో తట్టి తిప్పాలి. ఉక్కు ఉలితో కొడితే నిప్పురవ్వ లేస్తుంది. కొత్త ట్యాంకుకి ప్రమాదం లేకపోయినా ఆ అలవాటు చేతికి ఉండకూడదు. గ్యాస్కెట్‌కి సిలికాన్ రాయవద్దు. మామూలు సిలికాన్ పెట్రోలు తగిలితే ఉబ్బి ఊడుతుంది, ఆ ముక్కలు చేరేది జల్లెడకే.

కారుతోందా లేదా చూడడానికి నోళ్లన్నీ మూసి, సైకిలు పంపుతో ఒక పీఎస్ఐ మాత్రమే ఎక్కించి సబ్బు నీళ్లు పూయాలి. కంప్రెసర్ తగిలించొద్దు. 30 అంగుళాలకి 20 అంగుళాల రేకు మీద ఒక్క పీఎస్ఐ అంటే 600 పౌండ్లు, 270 కిలోలు. అయిదు పీఎస్ఐ ఎక్కిస్తే ట్యాంకు గుమ్మడికాయవుతుంది. సెండర్ చుట్టూ, అతుకు పొడవునా, అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉన్న ట్యాంకైతే దాని చుట్టూ బుడగలు చూడాలి.

దించడం

బ్యుటైల్ పట్టీని కన్నం చుట్టూ తెగకుండా పరిచి, మూలల్లో అతుకు రాకుండా చూడాలి. ఇది డిక్కీలోకి కిందనుంచి నీళ్లూ, దుమ్మూ, సైలెన్సర్ పొగా రాకుండా ఆపేది. ఆ పొగలోనే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి దీన్ని అలంకారం అనుకోకూడదు.

సెండర్ బిగించిన ట్యాంకును తిన్నగా దించితే గొట్టం ముందు అంచుకి తగిలి వంగుతుంది. ట్యాంకు ముందు భాగాన్ని వాల్చి గొట్టాన్ని దాటించి, అప్పుడు వెనక దించాలి. ఇద్దరు కావాలి. పట్టీ పరచక ముందు ఒకసారి ఉత్తగా దించి చూసుకుంటే స్క్రూ రంధ్రాలు కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది. బ్యుటైల్ అంటుకున్నాక ట్యాంకును జరపడం కుదరదు. స్క్రూలన్నీ సగం దాకా ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి.

ఫిల్లర్ పైపు చివర్న. లావు హోస్‌ను ముందే ట్యాంకు నోటికి తొడిగి, రెండు క్లాంపులూ వదులుగా వేసి, వెనక ప్యానెల్లోంచి పైపు దూర్చి హోస్‌లోకి నెట్టాలి. ప్యానెల్ స్క్రూలు బిగించాకే క్లాంపులు బిగించాలి. తిరగేసి చేస్తే హోస్ మెలిపడి అలాగే ఉండిపోతుంది.

ముల్లు

సెండర్‌కి ఒకే వైరు, తెల్ల గీత ఉన్న పసుపుది. టేపు చుట్టి ఉన్న ముక్క అదే. తిరుగు దారి ట్యాంకు ఒంటి నుంచి స్క్రూల ద్వారా బాడీకి. ఇప్పుడు ఆలోచించండి: కొత్త రంగు వేసిన నేల, పూత వేసిన కొత్త ట్యాంకు, మధ్యలో బ్యుటైల్. ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది? ఫోర్డ్ లెక్కలో ఓంలు ఎక్కువైతే ఖాళీ కాబట్టి, ఎర్త్ లేకపోతే ముల్లు ఖాళీ మీద పడుకుంటుంది. ట్యాంకులో అయిదు గ్యాలన్లు ఉన్నా లేవదు. చాలామంది అక్కడ సెండర్ పాడని విప్పేస్తారు. రంగు వేయకుండా ఉంచిన రెండు రంధ్రాలు ఇందుకే. వాటితో సరిపెట్టుకోకుండా సెండర్ అంచు నుంచి బాడీకి ఒక చిన్న ఎర్త్ వైరు కూడా వేశాం.

గేజీ సరిగ్గా ఉందో లేదో ట్యాంకు దించక ముందే చూడవచ్చు. పసుపు వైరుకీ ఎర్త్‌కీ మధ్య 10 ఓంల రెసిస్టర్ పెట్టి తాళం ఆన్ చేస్తే ముల్లు నిండు మీదకి రావాలి. తొందరపడొద్దు, లోపల ఉన్నది వేడెక్కి వంగే పట్టీ, నిమిషం పడుతుంది. వైరును నేరుగా ఎర్త్‌కి తాకించి ముల్లు గోడకి కొట్టించడం గేజీకి మంచిది కాదు. డ్యాష్ వెనక ఉన్న చిన్న రెగ్యులేటరు 12 వోల్టులను ఆపీ వదిలీ సగటున 5 వోల్టులుగా ఇస్తుంది. పెట్రోలు, వేడి, ఆయిల్ మూడు ముళ్లూ దాని మీదే బతుకుతాయి. మూడూ కలిసి పైకి పోతే తప్పు ట్యాంకు దగ్గర లేదు.

పెట్రోలు పోయడం, బయటపడినవి

ఒకేసారి నింపితే ఏ కారుడు ఎక్కడిదో తెలియదు. మొదట రెండు గ్యాలన్లు: అడుగు అతుకు, డ్రెయిన్ చూశాం. తర్వాత పది: ఇప్పుడు మట్టం సెండర్ దాటింది, గ్యాస్కెట్ కింద తెల్ల కాగితం పరిచి గంట ఆగాం, పొడిగానే ఉంది. చివర్న మూతదాకా: లావు హోస్ పరీక్ష ఇక్కడే. రెండు గ్యాలన్లతో స్టార్ట్ చేసి బాగుందని బిల్లు రాస్తే, యజమాని బంకులో నిండుగా కొట్టించిన రోజున డిక్కీలో వాసన వస్తుంది. ఈ బండిలో కూడా నిండాక సన్నగా వాసన వచ్చింది. ట్యాంకు వైపు క్లాంపు హోస్ అంచుకి మరీ దగ్గరగా పడింది. అర అంగుళం లోపలికి జరిపి బిగిస్తే పోయింది.

ఎండిన ఫ్లోట్ గిన్నెకి పెట్రోలు చేరేదాకా స్టార్టర్‌ను అరగదీయొద్దు. కార్బ్యురేటర్ గాలి గొట్టం ద్వారా చిన్న సీసాతో 50 మిల్లీలీటర్లు గిన్నెలోకి పోస్తే చాలు. నోట్లో కుమ్మరిస్తే ఎదురు మంట వస్తుంది.

మొదటి రోడ్డు పరీక్షలో అరగంట బాగా నడిచి, ఇంజిన్ దగ్గి ఆగింది. పది నిమిషాలు ఆగితే మళ్లీ నడిచింది. పంపు మీద, వేడికి పైపులో కట్టే ఆవిరి మీద అనుమానం పోతుంది. కానీ మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చింది. డబ్బా మీద గాలి ఆడేదని రాసి ఉన్నా లోపల ఆడని మూత పెట్టి పంపారు. మన దగ్గర పాత బుల్లెట్ నడిపినవాళ్లకి ఈ జబ్బు కొత్తేమీ కాదు: మూత రంధ్రంలో మురికి చేరితే బండి సరిగ్గా ఇలాగే దారిలో ఆగుతుంది. మూత కొన్న రోజునే నోట్లో పెట్టి ఊది చూసుంటే ఆ అరగంట మిగిలేది.

సీటు వెనక గోడ

సీటు మడవని బండ్లలో డిక్కీకీ మనుషులకీ మధ్య ఉండేది అట్ట పలక ఒక్కటే. ట్యాంకు పై మూతే డిక్కీ నేల కాబట్టి, వెనకనుంచి గట్టిగా గుద్దితే పెట్రోలుకీ సీటుకీ మధ్య అడ్డేమీ ఉండదు. అమెరికాలో ఇంధన వ్యవస్థ భద్రతకి ఎఫ్ఎంవీఎస్ఎస్ 301 ప్రమాణం 1968 జనవరి 1న వచ్చింది, కానీ మొదట్లో అది ముందు నుంచి గుద్దే పరీక్షకే. వెనక గుద్దుడు అందులో చేరింది 1977 మోడల్ బండ్లకి. కాబట్టి 1969 బండి చట్టానికి తప్పేమీ చేయలేదు, అయినా అట్ట అట్టే.

ట్యాంకు పని కోసం సీటు ఎలాగూ బయటికి వస్తుంది. ఆ అవకాశం వదులుకోకుండా 18 గేజీ ఉక్కు రేకును సీటు వెనక చట్రానికి కోసి, స్క్రూలతో బిగించి, అంచులు సీలు చేశాం. వైర్లు దూరే చోట రబ్బరు గ్రోమెట్లు వేశాం. సీటు వేశాక అది ఎవరికీ కనిపించదు, ప్రదర్శనలో మార్కులు పోయే భయం లేదు. స్పీకర్ల కోసం అందులో గుండ్రని కన్నాలు కోస్తామంటే మాత్రం ఆ రేకు వేయడమే దండగ.

తర్వాత

ఫ్యాక్టరీ ఫిల్టర్ కార్బ్యురేటర్ నోటి దగ్గర మర ఎక్కించేది. దానికి ముందు పంపుకీ ట్యాంకుకీ మధ్య తాత్కాలికంగా లోహపు ఫిల్టర్ ఒకటి పెట్టాం. వంద మైళ్లకి విప్పి కోసి చూస్తే అడుగున చిటికెడు మెరుపు రజను, గోధుమ జిగురు లేదు. అంటే పైపు మార్చడం ఫలించింది, ట్యాంకు కడగడం ఇంకొక్కసారి చేసి ఉండాల్సింది. కొత్త ఫిల్టర్ వేసి, మెత్తబడిన హోస్‌ల మీద క్లాంపులు అరమర బిగించి, అయిదు వందల మైళ్లకి మళ్లీ తెమ్మని బండి అప్పగించాం. ఆ రోజు చూడాల్సినవి మూడు: సెండర్ కింద తడి, వెనక అంచు స్క్రూలు, ఫిల్టర్ అడుగు.